బోర్డు వెనక పిలుపు

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగి కూర్చుంది. ఖాజాగూడ గుట్టల మీద పరుచుకున్న మబ్బు కదలడం లేదు. కడుతున్న టవర్ల మీది క్రేన్లు దాంట్లో సగం మునిగిపోయి, విరిగిన చేతుల్లా కనిపిస్తున్నాయి. చినుకు లేదు, పడే జాడా లేదు. రాత్రంతా ఎవరి కోసమో చూసి విసిగిన మనిషి ముఖం కడుక్కోకుండా గడపలో కూర్చున్నట్టు తెల్లవారింది.

కిందటి వారం భాగంలో సంధ్య ఫ్రీ త్రో గీత మీద నిలబడి తల తిప్పింది. అక్కడే ఆగాం.

అది ఆడపిల్లల కాలేజీ జట్ల బాస్కెట్‌బాల్ ఫైనల్. గచ్చిబౌలి అవతలి ఇంజనీరింగ్ కాలేజీ ఒక పక్క. టోర్నమెంటు జరిపిస్తున్నది వాళ్ళే, కోర్టు వాళ్ళదే. రెండో పక్క మక్తల్ దిక్కు నుంచి వచ్చిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. సంధ్య వాళ్ళది. ఆట ముగియబోతుండగా వీళ్ళు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. సంధ్యకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. మొదటిది పడి లెక్క సమమైంది. రెండోదానికి చేతులు లేపింది. రింగు బిగించిన బోర్డు వెనక నీలం టీషర్టులు వేసుకున్న గుంపు కూర్చుని అరుస్తోంది. ఆ అరుపుల్లోంచి ఒక్క గొంతు "చిన్నూ" అంది. సంధ్యను ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. తల తిరిగింది. బంతి రింగు అంచుకు కొట్టుకుని బయటికి పోయింది. ఆ తరువాత ఆడించిన అదనపు ఆటలో వీళ్ళెవరికీ కాళ్ళు రాలేదు. ఓడిపోయారు.

పిలిచింది సంధ్య తల్లి భూలక్ష్మి. ఆ కాలేజీలోనే ఏజెన్సీ కింద హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆ సంగతి జట్టులో ఎవరికీ తెలియదు. సంధ్య చెప్పలేదు. ఎవరన్నా అడిగితే మా అమ్మ కంపెనీలో చేస్తుందని అనేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. మొన్నమొన్నటి దాకా కొండాపూర్‌లో ఒక ఆఫీసు తుడిచేది.

మక్తల్ పిల్లలకు పడకలు వేసింది సివిల్ బ్లాకులో ఒక క్లాసు గదిలో. బెంచీలు గోడకు జరిపి కిరాయి పరుపులు పరిచారు. ముందు రోజు పొద్దున సెమీ ఫైనల్ వీళ్ళకు బయట, సిమెంటు కోర్టులో పెట్టారు. ఎండలో ఆడి, అన్నం తిని, సాయంత్రానికే ఫైనల్. ఇంజనీరింగ్ కాలేజీ జట్టు సెమీ ఫైనల్ అంతకు ముందు రోజే, లోపల, ఏసీలో అయిపోయింది. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

సంధ్య లేచి వరండాలోకి వచ్చేసరికి పీడీ సారు రాజేందర్ రబ్బరు చెప్పులతో నిలబడి టీ తాగుతున్నాడు. మక్తల్ కాలేజీలో ఆటలు నేర్పేది ఆయనే. నిన్న అరిచి అరిచి గొంతు పోయింది. మాటకు ముందు గాలి వస్తోంది.

"లేసినవా. మొకం కడుక్కో. పొద్దెక్కినంక కమిటీ ముందటికి పోవాలె."

"నేను గూడనా సార్?"

"నువ్వు లేకుంటె ఎట్ల? బోర్డు ఎనుక మనుషులను వెట్టి ఆట చెడగొట్టిన్రని నాత్రే కంప్లయింటు ఇచ్చిన. నీకు జరిగింది నేనెట్ల చెప్త?"

సంధ్య టీ గ్లాసు అందుకుంది. పైన మీగడ కట్టింది.

"నాకొక్కటి అర్థమైతలేదు పిల్లా. చిన్నూ అని మనోళ్ళు ఎవ్వరు నిన్ను పిలువరు. నాకే తెల్వదు ఆ పేరు. వీళ్ళకెట్ల దొరికింది?"

సంధ్య మీగడను వేలితో పక్కకు తీసింది.

"ఇప్పుడు అన్నీ ఫోన్లల్లనే ఉంటయ్ గద," అని ఆయనే జవాబు చెప్పుకున్నాడు. "ఏ ఫోటో కిందనో దోస్తులు రాసింది జూసి పట్టుకున్నరు. ఎంత తయారైన్రు సూడు."

ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు. తల్లి సంగతి చెప్పాలంటే అదే సమయం. గ్లాసు చల్లారేదాకా సంధ్య అక్కడే నిలబడింది.

కమిటీ కూర్చున్నది స్పోర్ట్స్ డైరెక్టర్ గదిలో. అల్మారా నిండా కప్పులు. కిటికీలోంచి చూస్తే మబ్బు ఇంకా అక్కడే ఉంది. టేబుల్‌కు ఆ పక్క డైరెక్టర్ సోమేశ్వరరావు, ఈ పక్క రాజేందర్, నడుమ పుణ్యవతి మేడం. ఆమె ఒకప్పుడు ఆడింది, తరువాత రెఫరీగా చేసింది, ఇప్పుడు తీర్పు చెప్పడానికి పిలిస్తే వస్తోంది. ముక్కు మీద కళ్ళజోడు జారినా పైకి తోసుకోదు. తల ఎత్తి దాంట్లోంచి చూస్తుంది.

ల్యాప్‌టాప్‌లో నిన్నటి వీడియో పెట్టారు. కాలేజీ వాళ్ళు తమ ఛానెల్‌లో లైవ్ ఇచ్చినది. సంధ్య తనను తాను చూసుకుంది. తెల్ల బనియను, చెమట. చేతులు లేచాయి. బోర్డు అద్దం వెనక నీలం గుంపులో చివర ఒకామె లేచి నిలబడింది. చీర మీద టీషర్టు. బొమ్మ మసకగా ఉంది, ముఖం తెలియడం లేదు. నోరు తెరిచింది. గీత దగ్గర తల తిరిగింది.

"ఇంకోసారి పెట్టమంటారా?" అన్నాడు సోమేశ్వరరావు.

"వద్దండి," అంది పుణ్యవతి. "చూడలేం."

సోమేశ్వరరావు నీళ్ళు తాగి గ్లాసు పెట్టాడు. చెడ్డమనిషి కాదు. ఆయన కళ్ళ కింద కూడా నిద్ర లేదు.

"చూడండి రాజేందర్ గారూ. మా పిల్లలు మా కోర్టులో ఆడుతుంటే మావాళ్ళు అరుస్తారు. ప్రపంచంలో ఎక్కడైనా అంతేనండి. చెక్క నేల వేసుకున్నాం, ఏసీ పెట్టుకున్నాం. అది మా తప్పా? రేపు మీ కాలేజీకి మేమొస్తే మీవాళ్ళు ఊరుకుంటారా?"

"రాండ్రి సార్. ఎన్నేండ్లసంది పిలుస్తున్న," అన్నాడు రాజేందర్ గాలి గొంతుతో. "మాది సిమెంటు కోర్టు. ఒక రింగు జర వంగింది. యాడ గొడితె పడ్తదో మా పిల్లలకే ఎర్క. మాదిక్కు ఒక్కసారన్న రాండ్రి. అప్పుడు మీరు కంప్లయింటు ఇయ్యుండ్రి, నేను టీ తాగుకుంట కూసుంట."

పుణ్యవతి నవ్వింది. నవ్వు తొందరగా అయిపోయింది.

"అక్కడికి పోరు లెండి. లోపలి కోర్టు ఇక్కడే ఉంది కాబట్టి ప్రతి ఏడూ ఇక్కడే పెడుతున్నాం. అది ఎవరూ తప్పనలేదు, ఒప్పనీ అనలేదు. అలా నడిచిపోతోంది." కళ్ళజోడులోంచి సోమేశ్వరరావు వైపు చూసింది. "అరవడం తప్పు కాదండి. నేను ఆడిన రోజుల్లో గంటలు మోగించేవాళ్ళు, పళ్ళేలు కొట్టేవాళ్ళు. కానీ వీళ్ళు విద్యార్థులు కారు. ఎవరు వీళ్ళు?"

"హౌస్‌కీపింగ్, గార్డెన్ వాళ్ళండి," అన్నాడు సోమేశ్వరరావు. దాచలేదు. "నిన్న ప్లేస్‌మెంట్ డ్రైవ్ ఉంది. పిల్లలెవరూ మ్యాచ్‌కు రాలేదు. లైవ్‌లో ఖాళీ కుర్చీలు కనిపిస్తే యాజమాన్యం నన్ను అడుగుతుంది. అందుకని టీషర్టులిచ్చి కూర్చోమన్నాం. అంతవరకే. ఎవరి పేరూ పెట్టి పిలవమని నేను చెప్పలేదు. ప్రమాణం చేయమంటే చేస్తాను."

"చెప్పకుంటె ఆమెకెట్ల తెలుస్తది సార్? కల వడ్డదా?" అన్నాడు రాజేందర్.

సోమేశ్వరరావు ఖాళీ గ్లాసును టేబుల్ మీద తిప్పాడు. ఆయన నిజంగానే ఆలోచిస్తున్నట్టు కనిపించాడు.

పుణ్యవతి చేతులు టేబుల్ మీద పెట్టింది. "నా మటుకు నాకు విషయం ఇంతే. ఆ మనిషిని అక్కడ పెట్టి, ఆట చెడగొట్టమని చెప్పారని తేలితే ఫైనల్ మళ్ళీ ఆడిస్తాను. ఇక్కడ కాదు, గచ్చిబౌలి స్టేడియంలో. అది ఎవరి ఇల్లూ కాదు. తేలకపోతే కప్పు ఇక్కడే ఉంటుంది." సంధ్య వైపు తిరిగింది. "అమ్మాయ్, గీత మీద ఉన్నది నువ్వు. ఆవిడ నీకు తెలుసా?"

సంధ్య ల్యాప్‌టాప్ తెర మీది నీలం గుంపు వైపు చూసింది.

సంధ్యకు ఇది ఆఖరి సంవత్సరం. గెలిచిన జట్టు సౌత్ జోన్ పోటీల్లో ఆడుతుంది. అక్కడ ఆడిన సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగంలో స్పోర్ట్స్ కోటా కింద నిలబడవచ్చు. లేకపోతే మళ్ళీ ఊళ్ళో పత్తి చేను, లేకపోతే ఇక్కడే ఏజెన్సీ వాడి నీలం కోటు. తెలియదంటే ఆట మళ్ళీ దొరికేలా ఉంది. తెలుసంటే, మీ అమ్మ నిన్ను పిలిస్తే మా తప్పేమిటని సోమేశ్వరరావు అంటాడు. ఆ మాటకు రాజేందర్ సారు దగ్గర జవాబుండదు. పైగా డ్యూటీలో ఉండి ఎదుటి జట్టు పిల్లను పిలిచిన మనిషిని ఏజెన్సీ ఒక్క పూట కూడా ఉంచదు.

"సక్కగ చూడలే మేడం," అంది సంధ్య.

పుణ్యవతి ల్యాప్‌టాప్ మూసింది. "సరే. భోజనాల తరువాత కూర్చుందాం. సోమేశ్వరరావు గారూ, ఆ చివర నిలబడ్డావిడ ఎవరో కనుక్కొని పిలిపించండి. ఆమెనే అడుగుదాం."

సోమేశ్వరరావు ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కు చెప్పాడు. బయటికి వచ్చాక రాజేందర్ సంధ్య భుజం తట్టాడు.

"మంచిగ చెప్పినవ్. ఉన్నది ఉన్నట్టు."

భూలక్ష్మి కోర్టులో ఉంది. గడప దగ్గర చెప్పులు విడిచి, బారెడు వెడల్పున్న తుడుపు కర్రను తోసుకుంటూ ఒక రింగు నుంచి రెండో రింగు దాకా పోతోంది, మళ్ళీ వస్తోంది. దుక్కి దున్నే మనిషి సాలు తిప్పినట్టు చివర నెమ్మదిగా తిప్పుతోంది. నిన్నటి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. లైట్లు సగమే వేశారు.

సంధ్య నాలుగడుగులు లోపలికి వేసింది.

"బూట్లిప్పి రా. ఇప్పుడే తుడిచిన."

సంధ్య బూట్లు విప్పి చేత పట్టుకుంది.

"తిన్నవానే?"

"ఇంక బెల్ కొట్టలే. అమ్మా, నిన్న ఎందుకు పిలిచినవ్?"

"ఎందుకేంది?" భూలక్ష్మి కర్ర మీద గడ్డం ఆనించింది. "అంతమంది నడుమ నువ్వొక్కదానివి బంతి పట్టుకొని నిలవడ్డవ్. ఒక్కలు నీ దిక్కు లేరు. అందరు నిన్ను తిట్టినట్టే ఒర్రుతున్రు. నా పానం ఒప్పలే. ఈడ నీ దిక్కు గూడ ఒకలున్నరని నీకు ఎర్క గావాలె గద."

సంధ్య నేల వైపు చూసింది. నేలలో లైట్లు కనిపిస్తున్నాయి.

"నువ్వు పిలిస్తే నా తల తిరిగింది. బంతి పోయింది."

భూలక్ష్మికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆట ఆమెకు తెలియదు. నిన్న బిడ్డ ఓడిందని తెలుసు, ఎందుకు ఓడిందో అడగలేదు. పంటలు పోయినట్టే ఇదీ పోయిందనుకుంది.

"నా వల్లనా?"

"ఊ."

"మరి నాకెవరు చెప్పిన్రే?" ఆమె గొంతు పెరగలేదు. "తెల్ల బట్టల పిల్లలు ఆ గీత మీద నిలవడితె గట్టిగ ఒర్రుండ్రి, చేతులూపుండ్రి, వాళ్ళకు బంతి వడొద్దు అని చెప్పి కూసవెట్టిండు సూపర్‌వైజరు. నేను ఒర్రలే. నీ దిక్కు జూసుకుంట ఉత్తగ నోరాడిచ్చిన. నోట్లకెళ్ళి అచ్చంగ ఎళ్ళింది ఆ ఒక్క మాటనే. అంతమంది ఒర్రితె తప్పు గాదు, నేను నా బిడ్డను పిలిస్తె తప్పయిందా?"

సంధ్య తల ఎత్తింది. "గీత మీద నిలవడితె ఒర్రుమన్నడా? ఎవరు, సూపర్‌వైజరా?"

"ఆయననే. నిలవడి నేర్పిండు గూడ. మాతోని ఊడ్చే నర్సమ్మక్కకు ఎవలు ఏ జట్టో అసలే ఎర్క లేదు. మీవోళ్ళు నిలవడితె ఊకున్నది, ఈ కాలేజోళ్ళు నిలవడితె లేసి ఎగిరి ఒర్రింది."

ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

ఆ గదిలో అందరూ వెతుకుతున్న మాట ఇదే. చెప్పవలసిన మనిషి ఇక్కడ తుడుపు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. కానీ ఈమె నోరు తెరిస్తే పిలిచింది తన తల్లేనన్న రెండో మాట కూడా బయటికి వస్తుంది. సంధ్య కుర్చీల వరుస చివర కూర్చుని తల్లికి అంతా చెప్పింది. వీడియో సంగతి, భోజనాల తరువాత మళ్ళీ కూర్చోవడం, స్టేడియం, సర్టిఫికెట్, అంతా. భూలక్ష్మి నిలబడే విన్నది.

"నువ్వు ఇంటికి పో అమ్మా. జరం వచ్చిందని చెప్పు. బొమ్మల నీ మొకం తెలుస్తలేదు."

"పోయేదాన్నేమో," అంది భూలక్ష్మి. "నర్సమ్మక్కను పట్టుకపోయిండు ఇందాక."

"ఎవరు?"

"సూపర్‌వైజరే. ఫోన్ల బొమ్మ చూపిచ్చి ఇది నువ్వే గద, చివర కూసున్నవ్ గద అన్నడు. ఆమెకు కండ్లు ఆనయ్. అందరికి ఒక్కటే రకం నీలం బట్టలాయె. నేనే గావొచ్చు సార్ అన్నదట. కార్డు గుంజుకొని సెక్యూరిటీ రూముల కూసవెట్టిండు."

"నేను గాదని ఎందుకు చెప్పలే?"

"పెద్దసారు అడుగుతున్నడంటె కాదంటదా ఆమె? తప్పు ఒప్పుకుంటె ఇడిసివెడ్తరని ఆమె లెక్క."

బయట ఎక్కడో లారీ వెనక్కి వస్తున్న చప్పుడు. భూలక్ష్మి ఇంకో సాలు తుడిచి వచ్చింది. ఆగితే కాళ్ళు పట్టేస్తాయి అన్నట్టు నడిచింది.

"చిన్నూ, నాకు ఈ ఆట తెల్వది. నీకేం గావాలెనో చెప్పు. ఊకుండుమంటె ఊకుంట. పోయి చెప్పుమంటె చెప్త. నా పని సంగతి ఇడిసిపెట్టు. ఈ ఏజెన్సీ కాకుంటె ఇంకోటి. ఊడ్వనీకి మనుషులు దొరుకక చస్తున్రు ఈడ. నీది అట్ల గాదు గద."

సంధ్య చేతిలోని బూట్లు ఒళ్ళో పెట్టుకుంది. నిన్న గీత మీద నిలబడ్డప్పుడు కూడా చేతులు ఇంత బరువుగా లేవు. ఊరుకుంటే ఆట దొరకవచ్చు. కానీ కమిటీ ముందు నర్సమ్మ కూర్చుంటుంది. ఎవరు చెప్పారంటే బిత్తర చూపులు చూస్తుంది. ఆ పేరు నీకెలా తెలుసంటే ఏమంటుంది? ఏం చెప్పినా ఆమెను పనిలోంచి తీసి ఇంటికే పంపిస్తారు. ఆ తరువాత తను స్టేడియంలో బంతి పట్టుకుని నిలబడాలి.

"నర్సమ్మ పెద్దమ్మ తిన్నదా?" అంది చివరికి.

"కార్డు గుంజుకున్నరంటిని గద. కార్డు లేకుంటె బువ్వ ఎవరు వెడ్తరు?"

భోజనాల బెల్ మోగింది. సంధ్య లేచి గడప దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంది. తాళ్ళు రెండుసార్లు ముడి తప్పాయి. భూలక్ష్మి తుడుపు కర్రను గోడకు నిలబెట్టి చెప్పులు వేసుకుంది. ఇద్దరూ సెక్యూరిటీ గది వైపు నడిచారు.

సెక్యూరిటీ గదిలో నర్సమ్మ ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉంది. వెనక్కి ఆనుకోవచ్చో లేదో తెలియనట్టు కూర్చుంది. గుమ్మం దగ్గర గార్డు సిద్దిపేట మనిషి. భూలక్ష్మికి రోజూ నమస్తే చెప్పేవాడే.

"అన్నా, ఆమెను లేపు. బొమ్మల ఉన్నది ఆమె గాదు, నేను."

"అక్కా, నాకెందుకు ఈ పంచాయతి? సార్ చెప్పిండు, కూసవెట్టిన."

"సార్‌కు నేను చెప్త. ఆమెకు షుగరు. బువ్వ తినిపిచ్చి తీస్కొస్త."

గార్డు ఇటూ అటూ చూసి పక్కకు జరిగాడు. నర్సమ్మ లేచి మోకాళ్ళు సరిచేసుకుంది.

"అయిపోయిందా? ఒప్పుకుంటి గద, ఇడిసిపెట్టిన్రా?" అంది.

"ఇంక గాలేదక్కా. ముందుగాల తిందాం రా."

"ఈ పొల్లెవరు?"

"నా బిడ్డ."

నర్సమ్మ ముఖం దగ్గరికి తెచ్చి సంధ్యను చూసింది. "పొడుగున్నది," అంది. అంతకంటే ఏమీ అనలేదు.

పనివాళ్ళు తినేది క్యాంటీన్ వెనక, చేతులు కడిగే తొట్టి పక్క మెట్ల మీద. ఆటగాళ్ళకు, సార్లకు భోజనం లోపల పెద్ద హాల్లో. దారి చీలే చోట భూలక్ష్మి అలవాటుగా వెనక వైపు తిరిగింది. సంధ్య ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చేయి తడిగా, గరుకుగా ఉంది.

"ఇటు."

"అటు మమ్ముల రానియ్యరే."

"రా అమ్మా."

హాలు గుమ్మంలో కేటరింగ్ కుర్రవాడు చేయి అడ్డం పెట్టాడు. "అక్కా, స్టాఫ్‌కు వెనక సైడు."

"మా అమ్మ," అంది సంధ్య.

గొంతు పెద్దది చేయలేదు. అయినా దగ్గరి బల్ల మీద తింటున్న తన జట్టు పిల్లలకు వినిపించింది. వాళ్ళ చేతులు ఆగాయి. కుర్రవాడు నీలం కోటును చూశాడు, సంధ్య తెల్ల బనియనును చూశాడు, చేయి తీసేశాడు.

రాజేందర్ సారు సంధ్య కోసం తన పక్క చోటు పెట్టి ఉన్నాడు. ఎదురుగా పుణ్యవతి మేడం, ఆమె పక్క సోమేశ్వరరావు. సంధ్య మూడు పళ్ళేలు తెచ్చింది. నర్సమ్మను చివర, తల్లిని నడుమ కూర్చోబెట్టి, తను సారు పక్క కూర్చుంది.

రాజేందర్ భూలక్ష్మి ముఖం చూశాడు. తరువాత సంధ్య ముఖం. అదే నుదురు, అదే దవడ. ఆయన ముద్ద నోటి దాకా పోయి పళ్ళెంలోకి తిరిగి వచ్చింది. ఏదో అడగడానికి గొంతు సవరించుకున్నాడు. ఆ పోయిన గొంతులోంచి గాలే వచ్చింది. చారు గిన్నెను ఆమె వైపు జరిపాడు.

సోమేశ్వరరావు చెంచా ఆగిపోయింది. నీలం కోటు తమ ఏజెన్సీదని ఆయనకు తెలుసు. తమ మనిషి ఎదుటి జట్టు పిల్ల పక్కన ఎందుకు కూర్చుందో తెలియలేదు. తెలిసే సమయానికి కళ్ళు దించుకున్నాడు.

భూలక్ష్మి రోజూ తుడిచే బల్లే అది. కూర్చుని ఎప్పుడూ చూడలేదు. గ్లాసు కింద తడి కనిపిస్తే చేతి అంచుతో తుడిచి అప్పుడు అన్నంలో చేయి పెట్టింది. తన పళ్ళెంలోని గుడ్డు తీసి బిడ్డ పళ్ళెంలో వేసింది. సంధ్య దాన్ని రెండు చేసి సగం తిరిగి తల్లి పళ్ళెంలో పెట్టింది.

పుణ్యవతి కళ్ళజోడులోంచి అది చూసింది. అడగడానికి తన దగ్గర రెండే ప్రశ్నలున్నాయి. ఎవరు కూర్చోబెట్టారు, ఎవరు పిలవమన్నారు. మొదటిదానికి జవాబు చెప్పగల మనిషి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటోంది. ఎవరూ పిలవమనలేదు, పిలిచింది తల్లేనన్న రెండో జవాబు ఆ సగం గుడ్డులోనే తెలిసిపోయింది. పుణ్యవతి తల వంచి తన పెరుగన్నంలోకి చూసుకుంది.

నర్సమ్మ అన్నం అయిపోయి పళ్ళెం అంచును వేలితో తడుముతుంటే, రాజేందర్ లేచి ఆమెకు ఇంకొంచెం అన్నం వడ్డించి వచ్చి కూర్చున్నాడు. కమిటీ ముందు చెప్పవలసింది ఇంకా మిగిలే ఉంది. ఆరుగురూ తల ఎత్తకుండా తిన్నారు.